గుట్ట పోయింది, గుంత మిగిలింది

హైదరాబాద్ చుట్టూగానీ, విశాఖ చుట్టూగానీ, క్రషర్లున్న ఏ ఊరి దారిలోనైనా ఒక పూట నిలబడి చూడండి. కంకర నింపుకున్న టిప్పర్లు పట్నం వైపు పోతుంటాయి. పడగొట్టిన పాత ఇళ్ళ ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు, చెత్త నింపుకున్న టిప్పర్లు పట్నం నుంచి వస్తుంటాయి. వాటికి దారి ఒకటే, అవి లేపే దుమ్ము ఒకటే, ఆ దుమ్ము పడే పత్తిచేనూ మామిడితోటా ఒకటే. సర్కారు కాగితాల్లో మాత్రం ఇవి ఒకదాని మొహం ఒకటి ఎరగని రెండు వ్యవహారాలు.

రాయి వ్యవహారం గనుల శాఖది. క్వారీ లీజుకు అర్జీ అక్కడ పడుతుంది. అభ్యంతరం లేదని తహసీల్దారు రాస్తారు, పర్యావరణ అనుమతి రాజధాని నుంచి వస్తుంది, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి తెలుపుతుంది. చెత్త వ్యవహారం పురపాలక శాఖది. డంపింగ్ యార్డుకు స్థలం చూపమని కమిషనరు కలెక్టరును అడుగుతారు, రెవెన్యూ సిబ్బంది ఊరి చివర సర్కారు భూమికోసం వెతుకుతారు. రెండు శాఖలూ వెతికి వెతికి తరచూ ఒకే చోటికి చేరతాయి. అది పంచాయతీ పొలిమేరలో, రికార్డుల్లో ‘పోరంబోకు’ అని రాసి ఉన్న గుట్ట.

పోరంబోకు అనగానే ఎవరికీ అక్కరలేనిదని అనుకుంటాం. అది ఎంత అక్కరో గొర్రెల కాపరిని అడిగితే చెబుతాడు. ఆ గుట్ట మీద కురిసిన వానే వాగై కింద చెరువులోకి దిగుతుంది. క్వారీ మట్టితో వాగు పూడిపోతే చెరువు నిండదు. చెరువు నిండకపోతే ఆయకట్టు కింద బోర్లు ఎండుతాయి. ఈ లెక్క ఊళ్ళో ఏ పెద్దమనిషిని అడిగినా వేళ్ళ మీద చెబుతాడు. లీజు ఫైలులో ఈ లెక్క రాసుకోవడానికి గడి లేదు.

అందుకే నేను కోరేది ఒక్కటే. తవ్వకానికీ చెత్తకూ కలిపి జిల్లాకు ఒకే ప్రణాళిక ఉండాలి. దాన్ని ఎన్నికైన స్థానిక సంస్థలు తయారు చేయాలి. మొదటి లీజు సంతకానికి ముందే తయారు చేయాలి.

ఇది కొత్త కోరికేమీ కాదు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రతి జిల్లాలోనూ ఒక ప్రణాళికా కమిటీ ఉండాలంది. పంచాయతీల ప్రణాళికలనూ మున్సిపాలిటీల ప్రణాళికలనూ కలిపి జిల్లా ప్రణాళిక ముసాయిదా రాయడం దాని పని. 243-జెడ్‌డి అధికరణ చదివితే పల్లెకూ పట్నానికీ ఉమ్మడిగా ఉన్న భూవినియోగం, నీళ్ళ పంపకం, ప్రకృతి వనరులు, పర్యావరణ రక్షణ అన్నీ అందులో ఉన్నాయి. కమిటీ సభ్యుల్లో అయిదింట నాలుగు వంతుల మంది జిల్లా పరిషత్తు నుంచీ మున్సిపాలిటీల నుంచీ ఎన్నికైనవాళ్ళే కావాలి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీనికోసం చట్టమూ చేసింది. ఒక క్వారీ గురించో ఒక డంపింగ్ యార్డు గురించో ఈ కమిటీ కూర్చుని తేల్చిన సంగతి మీరెప్పుడైనా విన్నారా?

దాని బదులు మనకున్నది జిల్లా సర్వే నివేదిక. చిన్న తరహా ఖనిజాల తవ్వకానికైనా పర్యావరణ అనుమతి తప్పదని 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 జనవరి నోటిఫికేషన్‌తో ఈ నివేదిక వచ్చింది. మంచిదే. ఏ వాగులో ఎంత ఇసుక ఉంది, ఏ గుట్టలో ఎంత రాయి ఉంది అన్నది అందులో ఉంటుంది. జిల్లాలో పోగుపడే శిథిలాలు ఎక్కడికి పోవాలో తేల్చడం దాని పని కాదు. ముసాయిదాను 21 రోజులు వెబ్‌సైటులో పెట్టి అభ్యంతరాలు చెప్పమంటారు. దుమ్ము పీల్చే ముసలమ్మ ఆ వెబ్‌సైటు ఎప్పుడు తెరవాలి?

ఈ రెంటినీ ఒకే పుస్తకంలో రాసుకున్న దేశం ఉంది. ఇంగ్లండులో ఖనిజాల ప్రణాళిక, వ్యర్థాల ప్రణాళిక కౌంటీ కౌన్సిళ్ళ బాధ్యత. చాలా కౌంటీలు రెంటినీ కలిపే రాస్తాయి. హాంప్‌షైర్ 2013లో ఆమోదించుకున్నది అలాంటిదే. గత పదేళ్ళ అమ్మకాల సగటు చూసి ముందుకు ఎంత ఇసుక, ఎంత కంకర కావాలో ఏటా లెక్క కడతారు. ఇసుక, గులకరాయి అయితే కనీసం 7 ఏళ్ళకు, పగలగొట్టే రాయి అయితే కనీసం 10 ఏళ్ళకు సరిపడా అనుమతులు ఉండేలా చూస్తారు. కొత్త గుట్టకు చేయి వేసే ముందు, పాత కట్టడాల శిథిలాల నుంచి ఎంత కంకర తీయగలమో చూడాలన్నది వాళ్ళ జాతీయ విధానం. తవ్వకం ముగిశాక నేలను బాగు చేసి, ఆ తర్వాత సాధారణంగా 5 ఏళ్ళు సాకాలన్న షరతు అనుమతిలోనే ఉంటుంది. గ్లాస్టర్‌షైర్, విల్ట్‌షైర్ సరిహద్దులో గులకరాయి తవ్విన గుంతలు ఈనాడు 150కి పైగా చెరువులై, పక్షులకు నెలవై ఉన్నాయి. అక్కడా క్వారీ వద్దని పోరాడే ఊళ్ళున్నాయి. కానీ ఆ పోరాటానికి ఒక వేదిక ఉంది, తవ్వకానికి ముందే ఉంది.

స్థానిక సంస్థ మాటకు బలం లేకపోతే ఏమవుతుందో కూడా ఆ పక్క దేశమే చూపించింది. వేల్స్‌లోని అబెర్‌ఫాన్ ఊరి పైన, కొండ మీద నీటి ఊటలున్న చోట, బొగ్గు గని వ్యర్థాన్ని గుట్టగా పోశారు. ఆ వ్యర్థపు బురద వల్ల కింద ఉన్న బడికి ప్రమాదమని 1963లోనే స్థానిక కౌన్సిల్ ఇంజనీరు ఉత్తరాలు రాశారు. ఎవరూ పట్టించుకోలేదు. 1966 అక్టోబరు 21 ఉదయం ఆ గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది చనిపోయారు. వాళ్ళలో 116 మంది పిల్లలు. వ్యర్థాల గుట్టల భద్రతకు ప్రత్యేక చట్టం 1969లో, పిల్లలు పోయాక వచ్చింది.

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డులో చీమకుర్తి దాటేవాళ్ళకు ఈ కథ గుర్తురాక మానదు. నల్లటి రాయిలో చుక్కల్లా మెరుపులుండే గెలాక్సీ గ్రానైట్‌కు ప్రపంచమంతటికీ అదే పుట్టినిల్లు. తవ్విన రాయిలో బ్లాకుగా ఓడ ఎక్కేది కొంతే. మిగిలిందంతా ఊళ్ళ పక్కన కొండలై నిలబడుతుంది. తాండూరు, బేతంచెర్ల, తాడిపత్రి ప్రాంతాల్లో నాపరాయి పాలిష్ చేసిన తెల్లటి బురదా అంతే, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పడుతుంది. రాయి ఎవరికి ఎంత అమ్మాలో తెలిసిన వ్యవస్థకు, మిగిలిన రాయిని ఎక్కడ పెట్టాలో తెలియకపోవడం నేరమని నేనంటాను.

గుంతలున్నాయి కదా, చెత్త అందులో పోస్తే సరిపోతుందనేవాళ్ళున్నారు. ఇక్కడ జాగ్రత్త కావాలి. బ్లాస్టింగ్‌తో పగుళ్ళు విచ్చిన రాతి గుంతలో కుళ్ళే చెత్త పోస్తే, దాని రసం పగుళ్ళ వెంట పోయి ఊరి బోర్లలో తేలుతుంది. బెంగళూరు తన చెత్తను బెల్లహళ్ళి, మిట్టగానహళ్ళి క్వారీ గుంతల్లో పోసి చుట్టుపక్కల ఊళ్ళ ఉసురు పోసుకుంది. మన హైదరాబాద్ శివారు జవహర్‌నగర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నగరపు చెత్త అక్కడికి చేరడం మొదలైన నాటికి అది ఒక గ్రామ పంచాయతీ. మల్కారం చెరువు నీళ్ళు ఏమయ్యాయో అక్కడివాళ్ళను అడగండి. గుంతలో పోయదగినవి కుళ్ళని మట్టి, రాతి ముక్కలే. వాటిలోనూ పనికొచ్చేదాన్ని ముందు మళ్ళీ వాడుకోవాలి. జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో శిథిలాలను నలగగొట్టి ఇసుక, కంకర తీసే కేంద్రాలున్నాయి. సర్కారు పనుల్లో 10 నుంచి 20 శాతం దాకా ఇలాంటి సరుకు వాడాలని 2016 నాటి కట్టడ వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. అలా వచ్చే ప్రతి టన్నూ గుట్టకు మిగిలే ఒక టన్ను. ఆ లెక్కను క్వారీ లెక్క పక్కన పెట్టి చూసే పుస్తకమే నేనడిగే ప్రణాళిక.

పంచాయతీలకు అంత నేర్పు ఎక్కడిదని, సర్పంచిని క్వారీ యజమాని వలలో వేసుకోడా అని అడుగుతారు. వేసుకోవచ్చు. ఒక్కరి సంతకంతో పోయే ఫైలును ఎవరైనా వలలో వేసుకోగలరు. పదిమంది కూర్చున్న గ్రామసభ ముందు, పటం గోడకు అంటించి చదివినదాన్ని కొనడం కష్టం. ఏజెన్సీలో ఈ హక్కు చట్టంలోనే ఉంది. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో చిన్న తరహా ఖనిజం లీజుకు గ్రామసభగానీ తగిన స్థాయి పంచాయతీగానీ ముందుగా సిఫారసు చేయాలి. బొర్రా గుహల చుట్టూ తవ్వకాల మీద పుట్టిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు గిరిజన భూమికి ఇచ్చిన రక్షణను దేశమంతా ఉదహరిస్తుంది. మన నేల మీద, మన గిరిజనుల కోసం సాగిన పోరాటం అది. మన్యంలోని గ్రామసభ ముందున్న ఆ ప్రశ్నను మైదానపు గ్రామసభ ముందు పెట్టడానికి అడ్డేమిటి?

డబ్బు లేదనడానికీ వీల్లేదు. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో ప్రతి గనుల జిల్లాకూ జిల్లా ఖనిజ నిధి వచ్చింది. తవ్వకాలతో దెబ్బతిన్న మనుషుల, ఊళ్ళ మేలుకోసమే అది. పాత గుంతలకు కంచె వేయడం, పూడిన వాగు తవ్వించడం, కూలిపోయే రాతి గుట్టలను మెట్లుగా సర్దడం కన్నా ఆ డబ్బుకు తగిన ఖర్చు ఏముంటుంది? వానలు పడ్డాక క్వారీ గుంతలో ఈతకు దిగి పిల్లవాడు మునిగిపోయాడన్న వార్త జిల్లా పేజీలో చిన్న పెట్టెలో వస్తుంది. ఆ గుంత తవ్వినవాడి లీజు అప్పటికి ముగిసి ఉంటుంది. గుంతకు దిక్కు ఉండదు.

కాబట్టి ప్రభుత్వాలను అడుగుతున్నాను. జిల్లా ప్రణాళికా కమిటీలను బతికించండి. ఒక్క జిల్లాతో మొదలుపెట్టండి. తవ్వబోయే గుట్టలు, ఆగిపోయిన గుంతలు, శిథిలాలు, చెత్త పోయే చోట్లు, వాటి మధ్య చెరువులు, వాగులు ఒకే పటంలో గీయండి. దాన్ని పంచాయతీ కార్యాలయం గోడకు అంటించండి. గ్రామసభలో గుట్ట లీజు అడిగినవాడు ముందుగా ఒక తేదీ చెప్పాలి. అది తవ్వకం మొదలయ్యే తేదీ కాదు, గుంత మూసి ఊరికి నేల అప్పగించే తేదీ. ఆ తేదీ విన్నాకే ఊరు ఊఁ అనాలా, ఊహూఁ అనాలా ఆలోచించుకుంటుంది.