వార్ధక్యమున నివాసము - ఇరుగుపొరుగు వోటు

ఉద్యోగభారమును దించుకొని శేషజీవితమును గడపుటకు తగిన చోటు వెదకుకొనుట గృహస్థునకు అల్పకార్యము కాదు. ఈ విషయమున మన పెద్దలు విచారించినవి నాలుగైదు సంగతులు: మంచినీరు, సమీపమున వైద్యుడు, బిడ్డల రాకపోకలకు అనుకూలమగు దారి, దేవాలయము, పింఛనుకు లోబడిన ఖర్చు. మన కాకినాడకు పింఛనుదారుల స్వర్గమని పేరు కలదు. అచ్చట ఇల్లు కట్టుకొనిన విశ్రాంతోద్యోగులలో ఎందరు, పొరుగువాడు ఏ పక్షమునకు వోటు వేయునో ముందుగా విచారించి స్థలము కొనిరి? అట్టి ప్రశ్న వారి మనస్సునకే తోచి యుండదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నేడు ఆ ప్రశ్నయే అనేక వృద్ధదంపతుల ఆలోచనలలో ముందు వరుసకు వచ్చినది.

ఆ దేశమున రెండే ప్రబల పక్షములు: రిపబ్లికనులు, డెమొక్రాటులు. 2000 సంవత్సరపు అధ్యక్ష ఎన్నికల నుండి మొదటివారికి ఎరుపు, రెండవవారికి నీలము అను గుర్తులు స్థిరపడినవి. రాష్ట్రములనే ఎఱ్ఱవి, నీలివి అని పిలుచుట వాడుక అయినది. ఉద్యోగము విడిచిన మనుజుడు దేశపటమును ముందు పరచుకొని, ఎండ యెంత, మంచు ఎంత, పన్నులెంత అని చూచుటతోపాటు, అచ్చటి వారు ఎఱ్ఱవారా, నీలివారా అనియు చూచుచున్నాడు. పక్షాభిమానులను వారి మతమునకు అనుకూలమగు ప్రాంతములకు తరలించుటయే వ్యాపారముగా పెట్టుకొనిన ఇండ్ల బేరగాండ్రు సైతము బయలుదేరిరి.

ఇది మనకేల యని పాఠకులు అడుగవచ్చును. 1965 నాటి వలస చట్టము ఆ దేశపు తలుపులు తెరచిన పిమ్మట సముద్రములు దాటిపోయిన మన వైద్యులలోను, ఇంజనీర్లలోను తొలి తరమువారు ఇప్పుడు వృద్ధులైరి. తరువాతి తరము పింఛను గడపను సమీపించుచున్నది. న్యూజెర్సీలో ముప్పది యేండ్లు గడపిన తెలుగు గృహస్థు టెక్సాసునకు పోవుటయా, ఫ్లారిడాకు పోవుటయా, హైదరాబాదునకో విశాఖపట్టణమునకో తిరిగి వచ్చుటయా యని తర్కించునపుడు ఈ ఎఱుపు నీలముల ప్రశ్న అతనికిని తప్పుటలేదు. కావున దీనిని గూర్చి మా అభిప్రాయమును నిర్మొగమాటముగా చెప్పుట మా విధి.

మొదట న్యాయమైన దానిని న్యాయమని ఒప్పుకొందము. అమెరికాలో ప్రతి రాష్ట్రమునకును స్వంత శాసనాధికారము విశేషముగా కలదు. అరువదియైదేండ్లు నిండినవారికి 1965లో ఏర్పడిన మెడికేర్ అను వైద్యసహాయము దేశమంతటను కలదు. కాని మంచము పట్టిన వృద్ధుని దీర్ఘకాలము పోషించు శుశ్రూషాగృహముల ఖర్చును అది భరింపదు. ఆస్తి కరిగిపోయినవారికి ఆ భారమును మోయునది మెడికెయిడ్ అను మరియొక ఏర్పాటు. దీనిని కేంద్రముతో కలసి రాష్ట్రములు నడపును. దాని నిబంధనలు రాష్ట్రమునకొక తీరుగ నున్నవి. 2010 నాటి చట్టము దానిని మరింతమంది పేదలకు విస్తరింపజేసెను. కాని ఆ విస్తరణము రాష్ట్రముల ఇచ్ఛాధీనమని 2012లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. టెక్సాసు, ఫ్లారిడా మొదలుగా 10 రాష్ట్రములు 2025 నాటికిని దానిని స్వీకరింపలేదు. అరువదియైదు నిండకమునుపే పని విడిచిన బీదవానికి ఇది ప్రాణముతో కూడిన సంగతి. అసాధ్యరోగి తన మరణకాలమును వైద్యుని సాయముతో తానే నిర్ణయించుకొనుటకు ఆరెగాన్ రాష్ట్రమున 1997 నుండి చట్టము అమలులో నున్నది. పెక్కు రాష్ట్రములలో అట్టి చట్టము లేదు. ఇట్టి శాసనములను చూచి చోటు ఎన్నుకొనువానిని, తన దేహమునకును గౌరవమునకును హాని కలుగునని భయపడి చోటు మార్చువానిని ఎవ్వరును నిందింపరాదు. అది వివేకము.

అయితే శాసనమును చదువుట వేరు, రంగును చదువుట వేరు. పన్నులనే తీసికొందము. ఫ్లారిడా, టెక్సాసులు ఆదాయపు పన్ను విధింపవు, నిజమే. కాని టెక్సాసులో ఇండ్లపై పన్ను బరువైనది. నీలి రాష్ట్రమని పేరుపడిన ఇల్లినాయి ఆదాయముపై పన్ను విధించుచున్నను, పింఛనులను దానినుండి మినహాయించినది. రంగును మాత్రమే నమ్మి పోయినవాడు తన లెక్కలపుస్తకమున మోసపోవును.

అదియు గాక, ఆ రంగులు చెరగని రంగులు కావు. వర్జీనియా 1968 మొదలు 2004 వరకు ప్రతి అధ్యక్ష ఎన్నికలోను రిపబ్లికనులను గెలిపించెను. 2008 నుండి డెమొక్రాటులనే గెలిపించుచు వచ్చెను. ఫ్లారిడా 2008లోను, 2012లోను ఒబామాను వరించి, 2016, 2020, 2024లలో ట్రంపును వరించెను. పడమటి వర్జీనియా 1996లో క్లింటను పక్షము. 2000 తరువాత మరల ఆ వైపు చూడలేదు. నేడు నీలమునకు కోటయని పేరుపొందిన కాలిఫోర్నియా 1988లో రిపబ్లికను అభ్యర్థినే గెలిపించినది. అరువదియైదవ యేట ఇల్లు కొన్నవాడు ఇరువదియేండ్లు బ్రదికెనేని, ఇంటి గోడలు నిలిచియుండగానే ఊరి రంగు మారిపోవచ్చును. ఎనుబదియైదవ యేట మరల సామాను కట్టుకొని బయలుదేరునా?

ఇంతవరకు లాభనష్టముల విచారణ. అసలు విషయము దీనికంటె లోతైనది. శాసనమును గాక పొరుగువాని అభిప్రాయమునే భరింపలేక పారిపోవు వానిని గూర్చి చెప్పవలసియున్నది. బిల్ బిషప్ అను పత్రికారచయిత 2008లో ప్రకటించిన ‘ది బిగ్ సార్ట్’ అను గ్రంథమున, ఏదో యొక పక్షమునకు ఏకపక్షముగా వోట్లు పడు జిల్లాలలో 1976లో దేశజనులలో నాలుగవ వంతుకు కొంచెము మించి నివసించుచుండగా, 2004 నాటికి అది సగమునకు చేరువయైనదని చూపెను. ధాన్యమును జల్లించినట్లు జనము తమంత తామే జల్లింపబడుచున్నారు.

ఒకే తీరువారు ఒకచోట చేరినయెడల ఏమగునో అరిజోనాలోని సన్ సిటీ కొంత తెలుపును. అది 1960లో వృద్ధులకొరకే వెలసిన పట్టణము. అచ్చట బిడ్డలు లేరు. కావున పొరుగువారి బిడ్డల పాఠశాలలకు ధనము సమకూర్చు ప్రతిపాదనలు వచ్చినపుడెల్లను, 1960, 1970 దశకములలో, ఆ వృద్ధులు వాటిని వోటుతో ఓడించుచు వచ్చిరి. తుదకు ఆ పట్టణమునే పాఠశాలా మండలమునుండి వేరుపరుపవలసి వచ్చెను. వారు దుష్టులు కారు. తమవంటివారిని మాత్రమే ప్రతిదినము చూచుచున్నవారికి తమవంటివారు కాని వారి అవసరములు కనుపింపవు, అంతే. వయస్సు విషయమున జరిగిన ఈ కీడు అభిప్రాయముల విషయమున జరుగదని ఎట్లు చెప్పగలము?

ఇక వోటు బలమును చూడుడు. అమెరికా అధ్యక్ష ఎన్నికలలో రెండు రాష్ట్రములు తప్ప తక్కినవన్నియు తమ ప్రతినిధి వోట్లను గెలిచినవానికే మొత్తముగా నిచ్చును. టెక్సాసులోని డెమొక్రాటు విసిగి కాలిఫోర్నియాకు పోయెనేని, అవసరమున్నచోట ఒక వోటు తగ్గి, నిండిన కుండలో ఒక చుక్క పెరుగును. ఎదుటి పక్షమువాడు కాలిఫోర్నియాను విడిచి టెక్సాసునకు పోయినను ఫలమిదియే. 2000 సంవత్సరమున ఫ్లారిడాలో గెలుపోటములను నిర్ణయించినవి 537 వోట్లు. తన పక్షముపై అంత ప్రేమ గలవాడు, తన వోటు విలువ తగ్గిపోవు చోటికే పరుగిడుట పక్షభక్తి యగునా?

"వృద్ధుడు అలసినాడు; పొరుగువానితో తగవులాడు ఓపిక ఇక లేదు; ప్రశాంతి కోరుట తప్పా?" యని కొందరు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయజాలము. ఎదుటి వాకిట ప్రతి ఉదయము తనకు అవమానకరమగు పలక నిలిచియుండుట బాధాకరమే. కాని ఏకాభిప్రాయము ప్రశాంతి కాదు. ఫ్లారిడాలో వృద్ధులకై వెలసిన ది విలేజెస్ అను నగరము 2010-2020 మధ్య ఆ దేశమున మిక్కిలి వేగముగా పెరిగిన నగరప్రాంతము; రిపబ్లికనుల కోటయని దానికి పేరు. అట్లయ్యు దానితో కూడిన సమ్టర్ జిల్లాలో 2020 ఎన్నికలయందు వోటర్లలో సుమారు మూడవవంతు ఎదుటి పక్షమునకే వోటు వేసిరి. భిన్నాభిప్రాయము లేని ఊరు ఎచ్చటను లేదు. అట్టి ఊరిని వెదకువాడు ఒక వీధికి, వీధినుండి ఒక ఇంటికి, తుదకు ఒక గదికి చేరుకొనును. అర్ధరాత్రివేళ గుండెనొప్పి వచ్చినపుడు బండి తెచ్చువాడు పొరుగువాడు. అతనిని ఆ క్షణమున ఏ పక్షమని అడుగము. ఆ పొరుగుతనమును పదియేండ్ల ముందునుండి పోషించుకొనినవాడే నిజమైన ప్రశాంతిని సంపాదించినవాడు.

వార్ధక్యమున చోటు ఎన్నుకొనుటకు మన దేశమున ఒక మహోదాహరణము కలదు. మహాత్ముడు 1936లో, అరువదియారేండ్ల వయస్సున, వార్ధా చెంతనున్న సేగాఁవ్ అను పల్లెను నివాసముగా చేసికొనెను. తన సిద్ధాంతములకు సిద్ధముగా జయజయధ్వానములు చేయు నగరము అతనికి దొరకకపోలేదు. అయినను పనియున్న పల్లెనే ఎన్నుకొనెను. 1940లో దానికి సేవాగ్రామమని పేరు వచ్చెను. డెబ్బదియేడవ యేట, 1946 చివరను 1947 మొదటను, నవఖాళీలో తనను నమ్మనివారి నడుమ పల్లె పల్లెకు నడచెను. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన 1947 ఆగస్టు 15న ఢిల్లీ ఉత్సవముల నుండి దూరముగా, కలకత్తాలో, నిన్నటి ప్రతిపక్షి సుహ్రవర్దితో ఒకే కప్పు క్రింద నుండెను. అందరును మహాత్ములు కానక్కరలేదు. కాని వృద్ధుని అనుభవము ఎచ్చట అక్కరకు వచ్చునో అదియే అతని స్థానమను ధర్మము సామాన్యునకును వర్తించును.

అమెరికావారిని మాత్రమే తప్పుపట్టి ఊరకుండుట మాకు చాలదు. మన పట్టణములలో అద్దెయింటికై పోయినవానిని "మీరేమిట్లు?" అని అడుగు దురాచారము నేటికిని నశింపలేదు. కులమును అడుగుటకు అలవాటుపడిన నోటికి పక్షమును అడుగుట ఎంతసేపు? ఎత్తైన ప్రహరీల వెనుక తమవారితో మాత్రమే వసింపగోరు ఆశ మన ధనికులలోను తల యెత్తుచున్నది. మన రాజ్యాంగము 19వ అధికరణమున దేశములో ఎచ్చటనైనను నివసించు స్వాతంత్ర్యమును పౌరునకు ప్రసాదించినది. ఆ స్వాతంత్ర్యము అందరితో కలసి బ్రదుకుటకు తెరచిన ద్వారమే గాని, తనవారిని ఏరుకొని తక్కినవారిని వెలివేయుటకు ఇచ్చిన జల్లెడ కాదు.

కావున ఉద్యోగవిరమణకు సిద్ధమగుచున్న మన సోదరులకు, వారు రాజమహేంద్రవరమున నున్నను డల్లాసున నున్నను, మేము చెప్పునది ఇది. శాసనములను చదువుడు, వైద్యశాలలను చూడుడు, పన్నులను లెక్కింపుడు, బిడ్డల యిష్టమును కనుగొనుడు. అటుపిమ్మట పొరుగువాని వోటును అతనికే విడిచిపెట్టుడు. పని విడిచిన మనుజుడు పౌరధర్మమును విడిచినవాడు కాడు. సంసారపు తొందరలో పొరుగువానితో వాదించుటకు తీరిక లేకపోయినది. ఇప్పుడు తీరిక వచ్చినది. అతడు మీ అభిప్రాయమునకు విరోధియైన, వాని అరుగుమీదనే కూర్చుండి ముచ్చటింపుడు. ప్రజారాజ్యము నిలుచునది వోటుపెట్టెలోనే కాదు, ఆ అరుగు మీదను.