పసికందుల కంటి క్యాన్సర్: ఆలస్యమే అసలు ముప్పు

పసిపిల్లల కంటిలో రెటీనాపై ఏర్పడే క్యాన్సర్ గడ్డను రెటీనోబ్లాస్టోమా అంటారు. 15 వేల నుంచి 20 వేల జననాలకు ఒకరిలో కనిపించే ఈ వ్యాధి ప్రధానంగా అయిదేళ్లలోపు పిల్లలకు సోకుతుంది. సంపన్న దేశాలలో 95 శాతానికి పైగా చిన్నారులు ప్రాణాలతో బయటపడుతుండగా, మన దేశంలో ఆ స్థాయి ఫలితాలు రావడం లేదు. చికిత్స లేక కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ వంటి కేంద్రాలలో లేజర్, అతిశీతల చికిత్స, కీమోథెరపీ లభిస్తున్నాయి. బిడ్డ అక్కడికి చేరేసరికే పుణ్యకాలం గడచిపోతోంది.

కనుపాపలో తెల్లని మెరుపు తొలి సంకేతం. ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, రెండవది తెల్లగా కనిపిస్తే తక్షణం నేత్రవైద్యుని సంప్రదించాలి. మెల్లకన్ను కూడా ఒక లక్షణమే. అయితే దానిని అదృష్టచిహ్నంగా భావించి ఊరుకునే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. గడ్డ కంటికే పరిమితమై ఉన్నంతవరకు ప్రాణాన్ని కాపాడవచ్చు. కంటి నరం వెంట మెదడుకు పాకితే వైద్యం అత్యంత క్లిష్టమవుతుంది. ముదిరిన దశలో కన్ను తొలగించాలన్న మాటకు బెదిరి తల్లిదండ్రులు వెనుదిరగడం, నెలల తరువాత చేయి దాటిన స్థితిలో తిరిగి రావడం వైద్యులకు కొత్త కాదు.

రెండు కళ్లకూ సోకిన శిశువులలో ఆర్‌బి1 జన్యులోపం పుట్టుకతోనే ఉంటుంది. కనుక వారి తోబుట్టువులను పుట్టిన వెంటనే పరీక్షించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు ఆరోగ్య పరీక్షలు జరుగుతున్నా, టీకాకు వచ్చిన రోజునే ప్రతి శిశువు కంటిలోకి ఆఫ్తాల్మోస్కోప్ వెలుగు ప్రసరింపజేసి చూడడం మరింత ప్రయోజనకరం. అందుకు కొద్ది నిమిషాలు చాలు.