పింఛనుకు దొరికిన పేరు వైద్యానికి దొరకదా?

రాయవేలూరు మనకేం పరాయి ఊరు కాదు. ఇక్కడి డాక్టర్లు చేతులెత్తేస్తే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం జనం అప్పో సప్పో చేసి పోయేది అక్కడికే. ఆ వేలూరు సీఎంసీలో డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ బృందం రక్తం గడ్డకట్టని తీవ్రమైన హీమోఫిలియా-ఎ జబ్బున్న అయిదుగురికి జన్యుచికిత్స చేసింది. అందరూ 22 నుంచి 41 ఏళ్ల మధ్యవాళ్లు. చికిత్స తర్వాత ఆ అయిదుగురినీ గమనించిన కాలమంతా కలిపితే 81 నెలలు. అన్ని నెలల్లో ఒక్కరికంటే ఒక్కరికి కూడా రక్తస్రావం కాలేదు. 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఈ ఫలితాలు ప్రచురించింది. సినిమా టీజర్ వస్తే గంటలో ప్రతి ఫోనులో మోగే ఊళ్లు మనవి. ఈ కబురు ఎన్ని ఇళ్లకు చేరింది?

చేసిన పనేమైనా చిన్నదా! హెచ్ఐవీ కుటుంబానికి చెందిన లెంటివైరస్‌లోంచి రోగం తెచ్చే భాగాలన్నీ తీసేశారు. కణంలోకి చొరబడే నేర్పు ఒక్కటే మిగిల్చారు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 జన్యువును అందులో పెట్టారు. రోగి మూలకణాలను బయటికి తీసి, ఈ వైరస్‌తో జన్యువును వాటిలోకి చేర్చారు. కీమో మందులతో ఎముక మజ్జలో చోటు చేసి, ఆ కణాలను తిరిగి రోగికే ఎక్కించారు. వాటి నుంచి పుట్టే రక్తకణాలు ఇక ఫ్యాక్టర్ 8 తయారుచేస్తాయి. విదేశాల్లో ఇందుకు ఎక్కువగా ఏఏవీ అనే వైరస్‌ను వాడుతున్నారు. అది ఇదివరకే సోకినవాళ్లలో దానిపై ప్రతిరక్షకాలు ఉండిపోతాయి, అందుకే చాలామందికి ఆ చికిత్స పనికిరాదు. అటువంటివాళ్లకు వేలూరు ఇంకో దారి చూపించింది. ఇది తొలి దశ పరీక్షే, కీమో బాధ తప్పదు, ఏళ్ల తరబడి గమనించాలి. రేపే అందరికీ ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. రేపటి పరీక్షలకైనా మనవాళ్ల పేర్లు వెళ్లాలంటే ఈ రోజు వాళ్లను ఎవరో ఒకరు పట్టించుకోవాలి కదా?

ధర్మవరంలో హీమోఫిలియా ఉన్న పిల్లాడి ఇల్లొకటి చూశాను, చెబుతాను. ముందుగదిలో గుంట మగ్గం, దాని పక్కన చాప మీద బడికి పోవాల్సిన పిల్లాడు. మోకాలు వాచి నిగనిగలాడుతోంది. కీలు లోపల రక్తం కారి నిలిచిపోయింది. తల్లి తువ్వాలులో ఐసుముక్కలు చుట్టి పెడుతోంది. తండ్రి మగ్గం దిగి రెండు రోజులైంది, చీర సగంలో ఆగింది, షావుకారి ఫోను మోగుతూనే ఉంది. వాళ్లు పోయిన ఆస్పత్రిలో "ఫ్యాక్టర్ స్టాకు లేదప్పా, వచ్చే వారం రాండి" అన్నారట. "వచ్చే వారం దాకా లోపల రక్తం ఆగుతాదా సార్?" అని ఆ తల్లి అడిగింది. నేనేం చెప్పను? రక్తం కారిన ప్రతిసారీ కీలు కొంత పాడవుతుంది. ఫ్యాక్టర్ క్రమం తప్పకుండా అందకపోతే పాతికేళ్లు రాకముందే కాలు బిగుసుకుపోతుంది. గుంటలో కాళ్లు దించి మగ్గం నేసే పని ఆ పిల్లాడికి ఇక ఉండదు.

ఇలాంటి పిల్లలున్నారని సర్కారుకు తెలియదా? నిక్షేపంగా తెలుసు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం హీమోఫిలియాను వైకల్యాల జాబితాలో చేర్చింది. తీవ్ర హీమోఫిలియా, తలసీమియా, సికిల్ సెల్ ఉన్నవాళ్లకు రాష్ట్రం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. హీమోఫిలియా అయితే రక్తంలో ఫ్యాక్టర్ ఎంత శాతముందో కాగితం చూసి మరీ ఇస్తోంది. ఒకటో తేదీ తెల్లారేసరికి సచివాలయం ఉద్యోగి ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, వేలిముద్ర వేయించుకుని డబ్బు చేతిలో పెడతాడు. అంత కచ్చితంగా గడప తొక్కగలిగిన యంత్రాంగానికి, అదే జాబితా చూసుకుని నెలకు సరిపడా ఫ్యాక్టర్ ముందే తెప్పించడం చేతకాదా? ఆ జాబితా ఒక్క కాపీ వేలూరు పరిశోధకులకు పంపడానికి ఎవరి సంతకం అడ్డొచ్చింది?

మరో జన్యువ్యాధి, వెన్నెముక కండరాల క్షీణత (ఎస్ఎంఏ) సంగతి ఇంకా ఘోరం. జనం నోట "16 కోట్ల ఇంజెక్షన్"గా పడిన జోల్‌జెన్‌స్మాలో జన్యువును మోసుకెళ్లేది ఏఏవీ9 వైరసే. 2019లో అమెరికా దాన్ని రెండేళ్లలోపు పిల్లలకు అనుమతించింది. మన కేంద్ర ప్రభుత్వం 2021లో అరుదైన వ్యాధుల విధానం తెచ్చింది, సాయాన్ని తర్వాత 50 లక్షలకు పెంచింది. మిగతా పదిహేనున్నర కోట్లు ఎవరివ్వాలి? బిడ్డ ఫొటో ఫోన్లలో తిప్పుకుంటూ కన్నవాళ్లు ఊరూరా అడుక్కోవాలి. ఎవరి వీడియో పాకితే వాళ్ల బిడ్డ బతకాలి. పాకనివాళ్ల బిడ్డకు రెండో పుట్టినరోజు దాటిపోవాలి. దీన్ని ఆరోగ్య విధానం అంటారా?

ధరలేమీ బ్రహ్మరాతలు కావు. అదే ఎస్ఎంఏకు రోజూ తాగించే రిస్డిప్లామ్ మందు సీసా ఆరు లక్షల పైమాట ఉండేది. హైదరాబాద్ కంపెనీ నాట్కో కోర్టుల్లో పోరాడి నెగ్గి, 2025 అక్టోబరులో 15,900 రూపాయలకు తెచ్చింది. ఐఐటీ కాన్పూర్‌లో ప్రొఫెసర్ జయంధరన్ గిరిధర రావు ఏఏవీ వైరస్‌ను మెరుగుపరిచే పరిశోధన చేస్తుంటే, ఆ జన్యుచికిత్సలను మందులుగా తేవడానికి ఒప్పందం చేసుకున్నదీ హైదరాబాద్ కంపెనీయే, లారస్ ల్యాబ్స్. బుర్రలున్నాయి, ఫ్యాక్టరీలున్నాయి. వెంటపడి అడిగే నాథుడే లేడు.

సర్కారు తలుచుకుంటే ఏమవుతుందో పెనుకొండ చూసింది. 2017లో కియాతో ఒప్పందమైంది, 2019కల్లా ఎర్రమంచిలో కార్లు బయటికొచ్చాయి. కరువు సీమలో భూమి, నీళ్లు, కరెంటు, రోడ్డు అన్నీ చకచకా దొరికాయి. మంచిదే. రక్తపు బొట్టొకటి తీసి బెంగళూరుకో హైదరాబాద్‌కో జన్యుపరీక్షకు పంపడానికి అంతకంటే పెద్ద యజ్ఞం కావాలా?

మన తప్పూ తక్కువేం కాదు. హీమోఫిలియాకు మేనరికంతో సంబంధం లేదు, కానీ ఎస్ఎంఏ, తలసీమియా వంటివి తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతేనే బిడ్డకొస్తాయి. రాష్ట్రంలో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు ఇంకా రక్తసంబంధీకుల మధ్యే. జాతకం చూపించడానికి పూట పనులు మానుకునే మనం వాహక పరీక్షకు ఒక్క సీసా రక్తం ఇవ్వం. బిడ్డకు జబ్బని తేలగానే మాత్రం కోడలి కడుపును ఆడిపోసుకుంటాం.

ఇప్పుడు మన ప్రజాప్రతినిధుల సంగతి. ధర్మవరం ఎమ్మెల్యే సత్యకుమార్ యాదవ్ రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి. పెనుకొండ ఎమ్మెల్యే సవిత చేనేత మంత్రి. హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రికి చైర్మన్. రాష్ట్రంలో ఏ మూడు నియోజకవర్గాలకూ ఇంతకంటే మంచి కలయిక దొరకదు. అందుకే అడుగుతున్నాం: మా మూడు ఊళ్ల ఆస్పత్రుల్లో ఫ్యాక్టర్ ఏ రోజు ఎంత ఉందో గోడ మీద బోర్డు పెట్టించండి. నెలకో రోజు జన్యువైద్య నిపుణుణ్ని రప్పించండి. గర్భిణులకు తలసీమియా పరీక్ష తప్పనిసరి చేయండి. పింఛను జాబితాలోని ప్రతి పేరునూ, వాళ్ల అనుమతితో, వేలూరు వంటి పరిశోధన కేంద్రాలకు చేర్చండి. ఇవేవీ పదహారు కోట్ల పనులు కావు. మళ్లీ ఓటడగడానికి ఆ గుంట మగ్గాల వీధికి వచ్చేలోపు, చేశామనో చేయలేకపోయామనో జవాబు తెచ్చుకోండి.