గుడ్డు తిన్నాక మజ్జిగ తాగొచ్చా?

గుడ్డు పెట్టిన రోజు మన హాస్టల్ భోజనాల వరుసలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "గుడ్డు తిని మజ్జిగ తాగొద్దురా, కడుపులో విషమైపోతుంది!" ఆ మాట విని కొందరు మజ్జిగ వద్దంటారు. ఇంకొందరు గుడ్డును పక్కవాడి పళ్లెంలో వేసేస్తారు. ఎవరు చెప్పారని అడిగితే "ఆయుర్వేదంలో ఉందంట" అంటారు. అందులో నిజంగా ఏముందో తెలుసుకోకుండా నోటికాడి కూడు వదులుకోవడం తెలివైన పని కాదని నా అభిప్రాయం.

కలిపి తినకూడని వాటిని ఆయుర్వేదం విరుద్ధాహారం అంటుంది. చరక సంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో దీని గురించి వివరంగా ఉంది. పాలు, చేపలు కలిపి తినరాదనీ, తేనె, నెయ్యి సమపాళ్లలో కలపరాదనీ అందులో చెప్పారు. అయితే అక్కడ జరిగింది ఒక చర్చ అన్న సంగతి మనకెవరూ చెప్పరు. పాలతో చేపలు వద్దని ఆత్రేయుడు అంటే, 'చిలిచిమ' అనే ఒక్క రకం తప్ప మిగతా చేపలను పాలతో తినవచ్చని భద్రకాప్యుడు అదే సభలో ఎదురు చెప్పాడు. ఆత్రేయుడు దానికి ఒప్పుకోలేదు. ఆనాటి సభలోనే ప్రశ్న లేచినప్పుడు, ఈనాడు బడిలో సైన్సు చదివే మనం ప్రశ్నించకపోతే ఎలా?

అదే అధ్యాయంలో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. అలవాటైనవారికి, కొద్దిగా తిన్నవారికి, జఠరాగ్ని బాగా ఉన్నవారికి, వయసులో ఉన్నవారికి, వ్యాయామం చేసేవారికి విరుద్ధాహారం హాని చేయదట. ఈ లక్షణాలు ఎవరివి మిత్రులారా? సాయంత్రం చీకటి పడేదాకా కబడ్డీ ఆడే మనవే కదా! ఆహారం విషయంలో చూడవలసినవి ఎనిమిది అని విమానస్థానంలో చెప్పారు. పదార్థ స్వభావం, వండే తీరు, కలయిక, పరిమాణం, ప్రాంతం, కాలం, తినే నియమాలు, తినే మనిషి. ఎనిమిదింటిలో కలయిక ఒక్కటి మాత్రమే. మనం మిగతా ఏడింటినీ వదిలేసి ఆ ఒక్కదాన్ని పట్టుకుని భయపడుతున్నాం.

పాలు, చేపలు కలిస్తే బొల్లి వస్తుందన్న మాట కూడా ఊళ్లలో ఉంది. శరీరంలోని రక్షణ వ్యవస్థ పొరపాటున చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీయడం వల్ల బొల్లి వస్తుందని నేటి వైద్యం చెబుతోంది. తిండి వల్ల వచ్చేది కాదు, అంటుకునేదీ కాదు. బెంగాలీలు పెరుగులో చేపలు వండుకుని ఇష్టంగా తింటారు. ఈ అపోహ వల్ల మనం ఒక కూర మానుకోవడం చిన్న నష్టమే. బొల్లి ఉన్న తోటి విద్యార్థి "ఏం తిన్నావు?" అనే నిందను మోయవలసి రావడం పెద్ద నష్టం.

మనది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లా. లంఖణం పరమౌషధం అని కడుపు నిండినవారు చెప్పుకోవచ్చు. 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టి జనాన్ని బతికించవలసి వచ్చింది. అలాంటి నేలమీద పుట్టిన మనకు కలిపి తినడం కంటే, తినవలసింది తినకపోవడమే ప్రమాదం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. మన అక్కలూ, అమ్మలూ అందులో ఉంటారు. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల ప్రోటీను ఉంటుంది. భయంతో దాన్ని పారేయడం ఎవరికి లాభం?

కలయిక గురించి ఆలోచించవద్దని నేను అనడం లేదు. మేలు చేసే కలయికలను మన పెద్దలు ఏనాడో కనిపెట్టారు. జొన్నలో లైసిన్ తక్కువ, పప్పులో ఎక్కువ. పప్పులో తక్కువైన మెథియోనిన్ జొన్నలో దొరుకుతుంది. అందుకే జొన్నరొట్టె, పప్పు మంచి జత. రాగిసంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి వేసుకుంటే రాగుల కాల్షియం, చెనిక్కాయల ప్రోటీను రెండూ అందుతాయి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా అందదు. నిజంగా మానుకోవలసిన కలయిక ఇది! కానీ ఉగ్గాని తిని టీ తాగేటప్పుడు మనలో ఎవరికీ ఆయుర్వేదం గుర్తురాదు.

గుడ్డు తింటే దద్దుర్లు వచ్చేవారు, పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవారు ఉంటారు. వారు వాటిని మానుకుని డాక్టరుకు చూపించుకోవాలి. అది వారి శరీర తత్వం, దాన్ని అందరికీ నియమంగా చేయకూడదు.

ముందు తిన్నది అరిగాక తినాలి, గబగబా మింగకూడదు, కడుపులో కొంత ఖాళీ ఉంచాలి అన్న ఆయుర్వేద సూత్రాలు మాత్రం గంట కొట్టగానే పరిగెత్తి అయిదు నిమిషాల్లో పళ్లెం ఖాళీ చేసే మనకు నిజంగా అవసరం. చేతులు కడుక్కోవడం, శుభ్రమైన నీళ్లు తాగడం వాటితో చేర్చుకుందాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈసారి వరుసలో ఎవరైనా "విషం" అంటే "ఏ పుస్తకంలో ఉంది, పూర్తిగా చదివావా?" అని అడగండి. అడిగి, గుడ్డు తినండి. మజ్జిగ కూడా తాగండి.