కంప్యూటర్ల మార్పు – తెలుగు వ్రాతల గతి

విండోసు 10 అను కంప్యూటరు నిర్వహణ వ్యవస్థకు మైక్రోసాఫ్టు సంస్థవారు 2025 అక్టోబరు 14వ తేదీతో ఉచిత రక్షణను ముగించిరి. మరునాడు యంత్రములేవియు నిలిచిపోలేదు. నష్టము కంటికి కనబడునది కాదు. నాటినుండి ఆ వ్యవస్థలో బయటపడు లొసుగులను పూడ్చు దిద్దుబాట్లు మామూలుగ రావు. సొంత యంత్రములను నమోదు చేసికొన్నవారికి 2026 అక్టోబరు 13 వరకును, కార్యాలయములకు ఏటేట రుసుము మీద గరిష్ఠముగ మూడేండ్ల వరకును వాయిదా నొసగిరి. ఎప్పటికైనను విండోసు 11కో, మరియొక వ్యవస్థకో మారక తప్పదు.

ఈ మార్పునుగూర్చి వినవచ్చు సలహాలన్నియు మెమొరీ యెంత, డిస్కు యెంత యను ప్రశ్నలతోనే తీరిపోవుచున్నవి. మచిలీపట్టణమున న్యాయస్థానముల చుట్టును, గుడివాడ, అవనిగడ్డ రిజిస్ట్రేషను కార్యాలయముల యెదుటను దస్తావేజులు, అర్జీలు, వీలునామాలు తయారుచేయువారికి అసలు చిక్కు తెలుగు లిపితో నున్నది. మన డి.టి.పి. కేంద్రములలో పెక్కేండ్లుగా ‘అను’ ఫాంట్లతోడను, శ్రీలిపితోడను పనిచేయుట అలవాటు. ఈ పద్ధతిలో తయారైన పాత ఫైలులో నిజమునకు తెలుగక్షరము లేదు. అందున్నవి ఆంగ్లాక్షరములకును, ఇతర చిహ్నములకును ఏర్పడిన సంకేతములు. వానికి తెలుగు రూపమును తొడుగునది ఫాంటు. క్రొత్త వ్యవస్థలో ఆ ఫాంటు లేకున్నచో ఇరువదేండ్లనాటి భాగపంపకపు పత్రము అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపై తెరపై నిలుచును. యూనికోడులో నట్లు గాదు. 1991 నుండియు అందు ప్రతి తెలుగక్షరమునకును తనదైన సంఖ్య కలదు. ఫాంటు మారినను అక్షరము మారదు. విండోసు ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చినది మొదలు ఈ సౌకర్యము మనయింట నున్నదే. ఐనను వ్రేళ్లకు అలవడిన కీబోర్డును విడుచుట సులభము గాదు. ఆ పనివాండ్రను మేము నిందింపము.

కావున మార్పునకు ముందు చేయవలసిన మొదటి పని పాత వ్రాతల సంరక్షణము. ఫాంట్లను, వాని సాఫ్టువేరు డిస్కును, తాళమువలె యంత్రమునకు తగిలించు డాంగిలు నుండినచో దానిని భద్రపరుపవలెను. ముఖ్య పత్రములను రూపము చెదరకుండ పి.డి.ఎఫ్. చేసి యుంచి, వేరుగ యూనికోడులోనికి మార్పవలెను. ఇంటర్నెట్టులో ఉచిత మార్పిడి సాధనములు కలవు. కాని ఒకరి వీలునామాను ముక్కు మొగములేని వెబ్‌సైటునకు అప్పగించుట విశ్వాసఘాతుకము. యంత్రములోనే పనిచేయు సాధనమును వెదకికొనవలెను. మార్చినపిదప చదివి చూడనిదే పాతదానిని తుడిచివేయరాదు. ఒత్తులు తారుమారగును, సర్వే నంబరులోని గీత యొకటి ఎగిరిపోయినను పొలము గట్టు జరిగినట్లే.

నకలు తీయుట యందరును చెప్పుదురు. ఎక్కడ ఉంచవలెనో చెప్పువారు తక్కువ. ఆ యంత్రము ప్రక్క బీరువాలోనే పెన్ డ్రైవు నుంచుట దివిసీమలో నకలు గాదు. 1977 నవంబరు 19నాటి ఉప్పెన యెరిగిన సీమ యిది. విండోసు గడువు తీరిన పదునాల్గవ దినమున, 2025 అక్టోబరు 28 రాత్రి, మోంథా తుపాను నరసాపురము చేరువను తీరము దాటెను. ఒక ప్రతి సముద్రమునకు దూరముగ విజయవాడలోని బంధువుల యింటనో, నమ్మదగిన ఆన్‌లైను నిలువలోనో ఉండవలెను.

ఇక యంత్రము మాట. విండోసు 11కు టి.పి.యం. 2.0 అను రక్షణాంగమును, ఇంటెలు యంత్రములైనచో సామాన్యముగ ఎనిమిదవ తరము మొదలుకొని ప్రాసెసరును కావలెను. టి.పి.యం. లేదన్నంతమాత్రమున క్రొత్తది కొనవలదు. బయాసులో అది అణగియుండుట కద్దు, తెరచి చూడవలెను. విండోసు 11నకు 32 బిట్ల రూపము లేదు గనుక కొన్ని పాత ప్రోగ్రాములు నడువవు. డాట్ మేట్రిక్సు ప్రింటరు, వ్రేలిముద్ర యంత్రము, డిజిటలు సంతకపు టోకెను క్రొత్త వ్యవస్థలో పలుకునో లేదో ముందే విచారింపవలెను. డిస్కునకు గుప్త తాళము పడినచో తెరచుటకు 48 అంకెల రికవరీ కీ యుండును. దానిని కాగితముపై వ్రాసికొనుడు. మార్పు నచ్చనిచో వెనుకకు మరలుటకు సాధారణముగ పది దినములే వ్యవధి. ధాన్యము కొనుగోళ్ల నడుమ సహకార సంఘపు గుమాస్తా యీ పనికి పూనుకొనుట ఆత్మహత్యాసదృశము.

విదేశీయ సంస్థ నిర్ణయించిన తేదీకి కొల్లేటి గట్టుననున్న గుమాస్తా కూడ తలయొగ్గవలసి వచ్చుట మనకు గౌరవము గాదు. బాగుగ నడచుచున్న యంత్రమును పాతసామాను కొట్టునకు పంపుటకన్న లైనక్సు నెక్కించి చూడవచ్చును. భారత ప్రభుత్వపు సీ-డాక్ సంస్థవారు బాస్ అను పేర దాని నొక రూపమున వెలువరించియున్నారు. యూనికోడు వ్రాతలు అందును చెక్కుచెదరవు. దివిసీమవారికి చెవి కింపైన ‘మండలి’ పేరుగల ఉచిత తెలుగు ఫాంటు అక్కడను చక్కగ పనిచేయును. పాత ఫాంట్ల సాఫ్టువేరు నక్కడకు కొనిపోవుట మాత్రము కష్టము.

రిజిస్ట్రేషను శాఖవారు పరీక్షించిన మార్పిడి సాధనము నొకదానిని ఉచితముగ నిచ్చి, మచిలీపట్టణము, గుడివాడ, అవనిగడ్డలలో రెండేసి దినములు శిక్షణ నిప్పించినచో దస్తావేజు లేఖరులకు పెద్ద మేలగును. ఇందుకు క్రొత్త చట్టమక్కరలేదు, పెద్ద వ్యయమును లేదు. జిల్లా కలెక్టరుగారు శ్రద్ధ వహింతురుగాక.