ఆకాశం నుంచి కనిపించని ఊరు

హైదరాబాద్ నాచారంలో ఒక టీ కొట్టు ముందు నలుగురు కుర్రాళ్ళు ఒకే ఫోన్ మీదికి వంగి ఉన్నారు. తెర మీద ఎక్కడిదో ఒక ఊరు, మధ్యలో గురి గీత. తెల్లని మెరుపు మెరిసింది. ఇల్లు లేదు. చప్పట్లు కొట్టి మళ్ళీ మొదటినుంచి పెట్టారు. వెనక నిలబడి నేనూ చూశాను, వారించలేదు. సంహారం మనకు వినోదం ఎప్పుడైంది? ఏ సంస్కారలోపం మనల్ని ఇంత దిగజార్చింది?

ఆ బాంబుల చప్పుడు మన గడ్డకూ తెలుసు. 1948 సెప్టెంబర్ 13న భారత సేన నిజాం రాజ్యంలో అడుగుపెట్టినప్పుడు పైనుంచి టెంపెస్ట్ విమానాలు దన్నుగా నిలిచాయి. సూర్యాపేట దగ్గర నిజాం సేనను చెదరగొట్టాయి. వరంగల్, బీదర్ విమానాశ్రయాలపై బాంబులు వేశాయి. వెనుదిరిగిన నిజాం సేన మూసీ వంతెనను కూల్చింది. మన ఉప్పల్ పక్క నుంచి పారే మూసీయే అది! 17 సాయంత్రానికి యుద్ధం ముగిసింది. నిజాంకు అండగా నిలిచిన సాయుధ రజాకార్ల దౌష్ట్యం తప్పి పల్లెలు ఊపిరి పీల్చుకున్నాయన్నది సత్యం. దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. ఆ పిమ్మట సంస్థానంలో నిరపరాధులైన ముస్లింలపై జరిగిన హత్యాకాండా అంతే సత్యం. దాన్ని విచారించిన పండిట్ సుందర్‌లాల్ బృందం నివేదిక దశాబ్దాలు చీకట్లో ఉండిపోయింది. దాచినది ప్రభుత్వం, అడగనిది మనం. సెప్టెంబర్ 17 విమోచనమా, విలీనమా అని ఏటా గొంతు చించుకునే మనం, పోయినవారి పేర్లు ఒక్కనాడైనా అడిగామా?

అడగనిదే పైచూపుకు ఏదీ తెలియదు. నేలమీది సేనకు విమానం అండ కావాలంటే, శత్రువెక్కడ, మనవాడెక్కడ అని నేలమీది మనిషే చెప్పాలి. ఆ మాటలో పొరపాటు జరిగితే బాంబు సొంత సైనికుడి మీదే పడవచ్చు. పటం గీయడంలోనూ అంతే. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. సర్వే విద్య తెలిసినవారిని అడగండి: విమానం నుంచి తీసిన ఫోటోతోనే పటం పూర్తికాదు. సర్వేయరు ఎండలో నడిచి, ఈ చెరువు పేరేమిటి, ఈ బాట ఎటు పోతుంది అని ఊరివాళ్ళనే అడిగి రాసుకోవాలి. ఎంత వినయం ఆ పనిలో! మనకు చూపు పెరిగింది, ఆ వినయం నశించింది. మేడ మీదివాడు బస్తీని, అధికారి అర్జీదారుని, ఒక మతం మరో మతాన్ని ఆ గురి గీతలోంచే చూడటం లేదా?

అయినా నా ఆశ చావదు. ఫోన్ జేబులో పెట్టుకుంటూ ఆ కుర్రాళ్ళలో ఒకడు మెల్లగా అడిగాడు: "అరే, ఆ ఇంట్ల ఎవలన్న ఉన్నరారా?" ఎవరూ జవాబివ్వలేదు. ఆ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఈ సెప్టెంబర్ 17న పోదాం. నలభై ఎనిమిదిని కళ్ళారా చూసిన ముసలమ్మ మన వాడల్లో ఇంకా ఉంటే, ఆమె మంచం పక్కన కూర్చుని, చెప్పిన ప్రతి పేరూ రాసుకుందాం.