సేల్స్ యాప్ కొనే ముందు ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి చూడండి

ప్రాసెసర్లు, కెమెరాల గురించి మనం గంటలు గంటలు వాదించుకుంటాం. అదే ఫోన్ మీద రోజంతా ఉద్యోగం చేసేవాళ్ల యాప్‌ల గురించి మాత్రం పెద్దగా మాట్లాడం. మా బావ సూర్యాపేట చుట్టుపక్కల కిరాణా షాపులు తిరిగి ఆర్డర్లు తీసుకునే సేల్స్‌మన్. పోయిన నెల సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్లో ఏడు షాపుల ఆర్డర్లు యాప్‌లో కొట్టాడు. సాయంత్రానికి ఆఫీసులో కనిపించినవి మూడే. మిగతా నాలుగు షాపులకి అసలు వెళ్లలేదని రిపోర్ట్! ఆ నెల ఇన్సెంటివ్ పోయింది. అప్పట్నుంచి ప్రతి ఆర్డరూ యాప్‌లో ఒకసారి, జేబులో నోట్‌బుక్‌లో ఒకసారి రాస్తున్నాడు.

అసలు సమస్య ఎంపిక దగ్గరే మొదలవుతుంది. ఆఫీసు వైఫైలో, ల్యాప్‌టాప్ మీద, రంగురంగుల గ్రాఫులు చూసి యాప్ కొంటారు. వాడేది మాత్రం ఎండలో, బైక్ మీద, బడ్జెట్ ఫోన్‌లో.

ఆప్షన్లు చూద్దాం. సేల్స్‌ఫోర్స్‌లో ఫీచర్లకి కొదవ లేదు, కానీ సెటప్‌కి తెలిసిన మనిషి కావాలి, ఖర్చూ ఎక్కువే. జోహో సీఆర్‌ఎం ముగ్గురు యూజర్ల వరకు ఫ్రీ, కాబట్టి చిన్న టీమ్ ట్రై చేయడానికి బాగుంటుంది. అదే కంపెనీ తెచ్చిన బిగిన్ ఇంకా సింపుల్. హబ్‌స్పాట్‌కీ ఫ్రీ ప్లాన్ ఉంది, కాకపోతే దాని బలం వెబ్‌సైట్, ఈమెయిల్ ద్వారా వచ్చే లీడ్స్‌లో. ఇవన్నీ ఒక కస్టమర్‌తో వారాల తరబడి నడిచే డీల్స్‌కి సరిపోతాయి. రోజూ బీట్ తిరిగే సేల్స్‌మన్‌కి కావాల్సింది స్టాక్, స్కీమ్, ఆర్డర్. దానికోసమే ఫీల్డ్‌అసిస్ట్, బిజోమ్ లాంటి యాప్‌లు ఉన్నాయి. ముందు మీ టీమ్ ఏ రకమో తేల్చుకోండి.

తర్వాత ఏ యాప్ అయినా ఈ టెస్ట్ పెట్టండి. టీమ్‌లో అందరికంటే చవక ఫోన్ తీసుకోండి. ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి ఐదు ఆర్డర్లు ఎంటర్ చేయండి. రీసెంట్స్‌లోంచి యాప్ తీసేసి, ఫోన్ రీస్టార్ట్ చేసి, నెట్ ఆన్ చేయండి. ఐదూ రావాలి, ఏదీ రెండుసార్లు రాకూడదు. ఇంకోసారి ఫోన్‌ని గంటసేపు కదపకుండా పక్కన పెట్టి చూడండి. ఆండ్రాయిడ్ 6లో వచ్చిన డోజ్, బ్యాటరీ కోసం బ్యాక్‌గ్రౌండ్ సింక్‌ని వాయిదా వేస్తుంది. కొన్ని ఫోన్ కంపెనీల బ్యాటరీ సేవర్లు యాప్‌నే మూసేస్తాయి. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని యాప్ రాయడం మా డెవలపర్ల పని. "సెట్టింగ్స్ మార్చుకో" అని సేల్స్‌మన్ మీదకి తోసేయడం కరెక్ట్ కాదు.

చివరిగా లొకేషన్. షాపు దగ్గర చెక్-ఇన్ కొట్టడానికి "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" పర్మిషన్ చాలు. 2019లో ఆండ్రాయిడ్ 10తోనే ఆ ఆప్షన్ వచ్చింది. "ఎప్పుడూ" అడిగే యాప్ అయితే డ్యూటీ అయ్యాక ట్రాకింగ్ ఆగుతుందా అని సూటిగా అడగండి. రాత్రి ఎనిమిదికి మా బావ ఎక్కడున్నాడో మేనేజర్‌కి ఎందుకు?

డెమో రోజున మేనేజర్ పక్కన ఒక సేల్స్‌మన్‌ని కూడా కూర్చోబెట్టండి. నా వరకైతే రేటింగ్ ఇవ్వడానికి కొలత ఒక్కటే: ఆ యాప్ వచ్చాక బావ జేబులో నోట్‌బుక్ పోయిందా, ఇంకా ఉందా?